ఒకటి – సున్నా – ఒకటి

రాత్రి తొమ్మిదిలోపు చీటీ ఫోటో
వాట్సాప్‌లో పెడితే
తెల్లారేసరికి మందులు కవర్లో కట్టి ఉంచుతాను.
కొత్తపేటలో మా డాక్టరమ్మ క్లినిక్‌కి అది రూలు.

దీనమ్మ పంపే ఫోటోలో
చీటీ కంటే బొటనవేలే బాగా పడుతుంది.
మిరప తొడాలు తీసీ తీసీ
గోటి చుట్టూ దిగిపోయిన ఎరుపు.

ఆ చీటీకి లామినేషన్ చేయించింది,
రేషన్ కార్డుతో పాటు, ముప్ఫై రూపాయలు పోసి.
"దీనిమీద నేనెట్టా రాయాలే?" అని డాక్టరమ్మ నవ్వితే
"ఇంక రాసేదేముందమ్మా,
బతికినన్నాళ్ళూ ఇయ్యేగా" అంది.

ఒకటి – సున్నా – ఒకటి.
చదువు రానివాళ్ళకి కవరు మీద
సూర్యుణ్ణీ నెలవంకనీ గీస్తాను.
మధ్యాహ్నం సున్నా అంటే ఏందని అడిగింది.
ఏమీ వేసుకోవద్దన్నాను.
"అన్నం కూడానా?" అంది.
నవ్వు తనే మొదలుపెట్టింది,
వెనకున్న నలుగురూ తర్వాత.

కొంగుముడి విప్పి డబ్బులిచ్చిన రోజుల్లో
నేను తుమ్మకుండా లెక్కపెట్టిన నెల లేదు.
నోటు నోటుకీ యార్డు ఘాటు.
తర్వాత మనవడు ఫోన్లో కట్టడం నేర్పాడు.
కౌంటర్ మీది డబ్బా మొదటిసారి
"నూట ఎనభై రూపాయలు అందాయి" అని అరిస్తే
ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు
చటుక్కున వెనక్కి తిరిగింది.
అంతకుముందు మనిషికి అదే డబ్బా మూడు వేలు పలికింది.
అప్పట్నుంచీ ఆమె వస్తే
ఎవరూ చూడకుండా సౌండు తీసేస్తాను.

నెలకి అరవై బిళ్ళలు కావాలి.
ముప్ఫై కట్టమంటుంది.
"మిగతాయి ఇంట్లో ఉండయ్‌లే."
ఇంట్లో బిళ్ళలు ఈనుతాయా?
నేనడగలేదు.

మొన్న బీపీ చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది.
"వాడుతున్నావా?"
"మీ మీద ఒట్టు."
మోతాదు పెంచాలంది. లామినేషన్ మీద పెన్ను జారింది.
పుండ్లకి వేసే ప్లాస్టరు ముక్క చించి
ఆ వరస మీద అంటించి
దానిమీద రాసింది.

చీటీ నా దగ్గరికొచ్చింది.
పన్నెండేళ్ళుగా ఈ అద్దాల వెనక
గొలుసుకట్టు రాత చదివి బతుకుతున్నవాణ్ణి.
దీనమ్మ నావంక చూసింది.
చెప్పమాకయ్యా అన్నట్టు
తల చాలా కొంచెం అడ్డంగా ఊపింది.

చెప్పాను.

డాక్టరమ్మ ఏమీ అనలేదు.
బెంచీ మీద ఎవరో దగ్గుతున్నారు.
గోటితో ప్లాస్టరు పీకేసి
"తక్కువ కంపెనీది లేదా మస్తానూ?" అంది.
ఉంది.
స్ట్రిప్పుకి ముప్ఫై ఐదు రూపాయలు తేడా.
ఇన్నేళ్ళూ కింది అరలోనే ఉంది.
ఎవరూ అడగలేదు.
అంటే, నేను చెప్పలేదు.

దీనమ్మ నాతో మాట్లాడకుండా మెట్లు దిగింది.
చెప్పుల గుట్టలో తనవి వెతుక్కుంటూ
చాలాసేపు వంగే ఉంది.

నిన్న రాత్రి ఎనిమిదీ యాభైకి ఫోటో వచ్చింది.
అదే బొటనవేలు.
ప్లాస్టరు పోయినచోట జిగురు మిగిలి
దానికి మిరప్పొడి పట్టి
చీటీ మధ్యలో చిన్న ఎర్ర ఇటుక.
కింద వాయిస్, వెనక లారీ హారన్లు:
"ఆ కింది అరలోయి. మూడు అట్టలు కట్టు."

మూడు అట్టలంటే నలభై ఐదు.
పొద్దున్న పూటలన్నీ వచ్చాయి,
రాత్రులు సగమే.
గీసిన నెలవంకని మళ్ళీ చూసుకుని కవరు మూశాను.

పొద్దున వచ్చి ఫోను చూపించి
కదలకుండా నిలబడింది.
"ఏదయ్యా, డబ్బా పలకలేదే?"
అందాయమ్మా, అన్నాను.
"ఎప్పుడూ ఇంతే.
నేను కడితేనే దానికి మూగనోము.
అందినయ్యో లేదో అని
నెలనెలా ఇంటికెళ్ళి ఆ పిల్లోణ్ణి అడగాల్సొస్తంది."

బల్ల కింద చెయ్యి పెట్టి సౌండు పెంచాను.
పక్కనున్నతను ఆరొందల ఇరవై కట్టాడు, డబ్బా అరిచింది.
దీనమ్మ నా మొహం కేసి చూసింది,
ఆ డబ్బా కేసి చూసింది.